గెలిచినవి ఏడు, ఓడినది ఒకటి

మా అల్ఫియా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఈ ఏడాది పది మ్యాచులు ఆడింది. పదింటికీ నేను వెళ్ళాను. కోచ్ మేడం ఒక మ్యాచ్‌కి జ్వరమొచ్చి రాలేదు, కెప్టెన్ శ్రీలేఖ ఒక మ్యాచ్‌కి కాలు బెణికి బయట కూర్చుంది, నేను మాత్రం ఒక్కటీ తప్పలేదు. నా మోకాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు నమ్మరు గానీ, నిజం.

అల్ఫియా నా మనవరాలు, నా కొడుకు నాగూర్ కూతురు. పంతొమ్మిదేళ్ళది. జట్టులో గోల్‌కీపర్. దోహాలో అల్ అజీజియా వైపు మా కాపురం. నాగూర్ కంపెనీ బస్సు నడుపుతాడు, పనివాళ్ళను క్యాంపు నుంచి లుసైల్ సైట్లకు తీసుకుపోయి తీసుకొస్తాడు. కోడలు హసీనాకు క్లినిక్‌లో సాయంత్రం డ్యూటీ. పిల్ల మ్యాచులన్నీ సాయంత్రాలే. ఎండ దిగితే తప్ప ఇక్కడ ఎవరూ బంతి ముట్టుకోరు కదా. అందుకని తోడు వెళ్ళే పని నాకు పడింది. చేతిలో ఒక నీళ్ళ సీసా, ఒక డబ్బాలో ఖర్జూరాలు, కింద వేసుకోవడానికి ఒక పాత తువ్వాలు. ఇనప మెట్ల మీద కూర్చుంటే ఒళ్ళు కాలిపోతుంది, అందుకు తువ్వాలు.

నాకు నాలుగో తరగతి వరకే చదువు. ఆటలో నియమాలు ఇప్పటికీ పూర్తిగా తెలియవు. కానీ చూసింది మర్చిపోను. ఏ మ్యాచ్‌లో ఎవరు ఎన్ని గోల్స్ వేశారో, ఎవరు పడ్డారో, ఎవరు ఏడ్చారో, ఆ రోజు గాలి ఎటు నుంచి వీచిందో అన్నీ చెప్పగలను. ఇదే నా కొంప ముంచింది.

మొదటి మ్యాచ్ అక్టోబరులో. మా జట్టు ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయింది. ఆరు సున్నా. అవతలి వాళ్ళలో ఒక పొడుగు పిల్ల ఉంది, దాని పాదం గునపంలా ఉంది. మా అల్ఫియా ఆరుసార్లు వల వెనక్కి వెళ్ళి బంతి తెచ్చుకుంది. బస్సులో ఇంటికొస్తూ కిటికీకి తల ఆనించి కూర్చుంది. గ్లవ్స్ కూడా తీయలేదు.

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక మా అన్న మౌలాలి రాయచోటి నుంచి ఫోన్ చేశాడు. మా అన్న ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో పీఈటీ సారుగా పనిచేసి రిటైరయ్యాడు. అల్ఫియాకు ఎనిమిదేళ్ళప్పుడు ఊళ్ళో తన స్కూలు మైదానంలో మొదటిసారి బంతి చేతికిచ్చింది ఆయనే. "ఇది భయపడదు మే, బంతికి ఎదురు పోతాంది, దీన్ని గోలులో నిలబెట్టల్ల" అన్నది ఆయనే.

"ఏమ్మే మాబూ, ఏమాయ నిన్న?" అన్నాడు.

"గెలిచినారన్నా. రెండు సున్నా" అన్నాను.

ఎందుకన్నానో చెప్పమంటే చెప్పలేను. నేను అనుకుని అన్నది కాదు. ఈ దేశానికి ఖద్దామా పనికి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఒక ఖతరీ ఇంట్లో వంటా, పిల్లలూ, అన్నీ నేనే. వచ్చిన మొదటి ఏడే వేడి నూనె పడి కుడి చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఆ వారం ఇంటికి పంపిన క్యాసెట్‌లో "నేను బాగుండా, మేడం మంచిది, తిండికి లోటు లేదు" అని చెప్పాను. ఎడమ చేత్తో బటన్ నొక్కి చెప్పాను. ఇక్కడికొచ్చిన వాళ్ళందరం అంతే. అక్కడినుంచి ఎవరైనా "ఎట్లుండారు?" అంటే నోరు దానంతటదే "బాగుండాం" అంటుంది. ఆ రోజు కూడా నోరు అదే పని చేసింది.

"గోలు ఎవరు ఏసినారు?"

"శ్రీలేఖ. కరీంనగర్ పిల్ల, కెప్టెనూ."

"యా కాలితో?"

"కాలితోనేలే అన్నా, చేత్తో ఏస్తారా ఏంది?"

అన్న పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని చాలా రోజులయింది. వదిన పోయినాక ఆయన ఇంట్లో నవ్వేవాళ్ళెవరున్నారు?

మా అన్నకు నేను చెప్పింది తప్ప తెలుసుకునే దారి లేదు. ఆడపిల్లల ఆట కాబట్టి మైదానం గేటు దగ్గరే అందరి ఫోన్లూ తీసుకుని సంచిలో వేసి పెట్టేవాళ్ళు. ఫోటో లేదు, వీడియో లేదు. చూసేదంతా ఆడవాళ్ళే. తల్లులు, చెల్లెళ్ళు, నాలాంటి ముసలి వాళ్ళు ఒకరిద్దరు.

అట్లా రెండో వారం. ఒకటి మూడుతో ఓడారు. "గెలిచినారన్నా, మూడు ఒకటి." మూడోది ఎవరూ గోలు వేయలేదు, సమానం. అది ఉన్నదున్నట్టు చెప్పాను, అందులో సిగ్గేముంది? నాలుగోది సున్నా నాలుగు. తిప్పి చెప్పాను. అయిదోది రెండు రెండు, మళ్ళీ నిజమే చెప్పాను. ఆరోది లుసైల్‌లో. ఆ రోజు ఏడు గోల్స్ తిన్నారు. మెట్ల మీద నా పక్కన కూర్చున్న ఈజిప్టు ఆమె, ఆమె కూతురు అవతలి జట్టు, నా చేతి మీద చెయ్యేసి "ఖలాస్, ఖలాస్" అంది. అయిపోతుందిలే అని ఓదార్పు. ఆమె ఇచ్చిన టీ తాగి ఇంటికొచ్చి అన్నకు "గెలిచినారు" అని చెప్పాను.

రెండు సీజన్లు నా బుర్రలో పక్కపక్కనే నడిచాయి. ఒకటి కళ్ళతో చూసింది, ఒకటి నోటితో చెప్పింది. ఏ రోజూ ఒకదానిలోది ఒకదానిలో కలవలేదు. అన్న మధ్యలో పరీక్ష పెట్టేవాడు, "నాలుగో మ్యాచ్‌లో రెండో గోలు ఎవరిది మే?" అని. నేను తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆయన అన్నీ రాసుకుంటున్నాడని నాకు తెలియదు. తెలిసుంటే ఏం చేసేదాన్నో అదీ తెలియదు.

అల్ఫియాతో కూడా అన్న మాట్లాడేవాడు, ఎప్పుడో రెండు నిమిషాలు. "శభాష్ రా బంగారూ, వదలొద్దు" అనేవాడు. పాపం ఆ పిల్ల ఓడిపోయినందుకు తాత ఓదారుస్తున్నాడనుకుంది. "అట్లనే తాతా" అని ఫోన్ నాకిచ్చేసేది. ప్రాక్టీసు, క్లాసులు, మళ్ళీ ప్రాక్టీసు. ఓడిపోయే జట్టుకు అలసట రెండింతలు ఉంటుంది, అది నేను చూశాను. గెలిచిన పిల్లలు పరిగెత్తుకుంటూ బస్సెక్కుతారు. మా పిల్లలు మెట్టు మెట్టుకూ చెయ్యి పట్టుకుని ఎక్కేవాళ్ళు, నాలాగే.

ఎనిమిదోది అయిపోయాక అన్నకు అనుమానం వచ్చింది. నేను చెప్పిన లెక్కలో అప్పటికి ఆరు గెలుపులు, రెండు సమానాలు.

"ఒక్కటి గూడా ఓడిపోలేదా మాబూ? నా సర్వీసులో అట్లాంటి జట్టును సూడలేదే. ఆ మేడం నంబరు ఇయ్యి, ఒకసారి మాట్లాడతా."

"ఆ యమ్మకు తెలుగు రాదన్నా, ట్యునీషియా ఆమె."

"నాకు ఇంగ్లీషు వస్తాదిలేమే."

ఇక ఒక్కటైనా ఓడించాలి అనుకున్నాను.

తొమ్మిదో మ్యాచ్ ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్‌లో. గంటన్నర బస్సు ప్రయాణం, రెండు వైపులా ఇసుక తప్ప ఏమీ లేదు. దారిలో మూడు గంటలప్పుడు అన్న ఫోన్ చేశాడు. శుక్రవారం కడపలో పెళ్ళికి పోతున్నాడట, అందుకని ముందే చేశాడు. అక్కడ అప్పటికే అయిదున్నర.

"అయిపోయిందా మే ఆట?"

ఎట్లాగూ ఓడిపోతారు. నాలుగో మ్యాచ్‌లో మా మీద నాలుగు గోల్స్ వేసిన జట్టే ఇది. ఈ ఒక్కసారైనా నోటి నుంచి నిజం వస్తుందిలే అనుకున్నాను. "అయిపోయిందన్నా. ఓడిపోయినారు. ఒకటి సున్నా" అన్నాను.

"మంచిదేలే. ఓడితేనే ఆట తెలుస్తాది. పాపను తిట్టొద్దు" అన్నాడు. గొంతులో అనుమానం పోయింది. నాకు వినిపించింది.

బస్సు దిగి ఫోన్ సంచిలో వేశాను. గంటన్నర తర్వాత మా పిల్లలు గెలిచి బయటికొచ్చారు. ఒకటి సున్నా.

ఆ ఏడాదికి అదొక్కటే గెలుపు. తిరుగు ప్రయాణంలో పిల్లలు బస్సు పైకప్పు ఎగిరిపోయేట్టు పాడారు. అల్ఫియా నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది, జుట్టులో ఇసుక. నేను తల నిమురుతూ కూర్చున్నాను గానీ నా మనసు అక్కడ లేదు. శనివారం అన్నకు ఫోన్ చేసి సరిచేద్దామనుకున్నాను. చేస్తే, "మరి అయిపోయిందని ఎట్లా చెప్పినావు?" అంటాడు. ఆ ఒక్క దారం లాగితే మొత్తం ఊడొస్తుంది. ఊరుకున్నాను. పదోది రెండు సున్నాతో ఓడారు. పాత దారే, "గెలిచినారు" అన్నాను. ఫిబ్రవరితో సీజన్ అయిపోయింది, నా నోటికి సెలవు దొరికింది అనుకున్నాను.

ఏప్రిల్‌లో నాగూర్ కంపెనీ కాగితం ఇచ్చింది. లుసైల్ పని తగ్గింది, జూన్ నుంచి ఫ్యామిలీ స్టేటస్ లేదు, అంటే ఇంటివాళ్ళను పెట్టుకునే వీలు లేదు, బ్యాచిలర్ రూమే. హసీనాకు క్లినిక్ వీసా ఉంది కాబట్టి ఆమె ఉండొచ్చు. నేనూ అల్ఫియా వెళ్ళిపోవాలి. పిల్ల రెండేళ్ళ డిప్లొమా ఎట్లాగూ మేతో అయిపోతుంది. ఆ తర్వాత ఏం చేస్తావంటే వ్యాయామం టీచరు కోర్సు చేస్తానంది. వేరే ఏదీ వద్దంది. మన జిల్లా వైపే ఒక కాలేజీలో ఆ కోర్సు ఉంది, అన్న కనుక్కున్నాడు. సీట్లు తక్కువ, జనం ఎక్కువ. అయితే స్పోర్ట్స్ కోటాలో ఆడపిల్లలకు రెండు సీట్లు ఉన్నాయట. కాలేజీ జట్టు తన లీగ్‌లో మొదటి మూడు స్థానాల్లో ఉండాలి, కోచ్ సంతకంతో సీజన్ ఫలితాల లెటరు పెట్టాలి.

"మనకెందుకు భయం? మన పాప జట్టు మొదటిదే కదా" అన్నాడు అన్న ఫోన్లో. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. పిల్లకు మేడం దగ్గర సీజన్ లెటరు తెచ్చుకోమని మాత్రం చెప్పాను, మొదటి మూడు స్థానాల సంగతి ఎత్తలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం. శ్రీలేఖ మా ఇంటికి భోజనానికి వచ్చింది, నాగూర్‌కు మళ్ళీ సాయంత్రం దాకా డ్యూటీ లేదు, హసీనాకు ఆ రోజు క్లినిక్‌లో పగటి డ్యూటీ. అందరం చాప మీద కూర్చుని తింటున్నాం. అల్ఫియా ఫోన్ మోగింది. తాత పంపిన ఫోటో. పూర్తిచేసిన దరఖాస్తు ఫారం, ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు. కింద ఒక వాక్యం: రేపు శనివారం ఆఫీసులో ఇచ్చేస్తాను, మేడం లెటరు పంపు.

అల్ఫియా చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"జేజీ, తాతకేమన్నా అయిందా? ఆడినవి పది, గెలిచినవి ఏడు, సమానం రెండు, ఓడినది ఒకటి అని రాసినాడు."

శ్రీలేఖ ఫోన్ లాక్కుని చూసింది. "గిదేంది? గిది మన జట్టేనా? మనం గెలిచింది ఒకటి, ఓడింది ఏడు గదనే! ఉల్టా రాసిండు."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెప్పాను. మొదటి శుక్రవారం నుంచి పదో మ్యాచ్ దాకా అంతా చెప్పాను. శ్రీలేఖ మొదట నోరు తెరిచి విన్నది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది.

"నా పేరు మీద ఎన్ని గోల్స్ ఏయించినవ్ అవ్వా?"

"పదకొండు."

"పదకొండా! నేను సీజన్ మొత్తంల కొట్టింది రెండు. మంచిదానివే!"

అల్ఫియా నవ్వలేదు. కంచం పక్కకు జరిపింది. "ఓడినది ఒకటి అని ఉంది కదా. అదేది జేజీ?"

నేను ముద్దను కంచంలో పెట్టేశాను.

"అదేది అని అడుగుతాండా."

"షమాల్‌ది."

శ్రీలేఖ నవ్వు ఆపేసింది. "మా ఒక్క గెలుపును గూడ ఉంచలె గదా అవ్వా నువ్వు" అంది నెమ్మదిగా.

నాగూర్ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. వాడు కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు, తెల్లారి మూడింటికి లేచి బస్సు తీసిన మనిషి.

"ఇప్పుడేమయింది? ఆ మేడం లెటరు మన దగ్గరే ఉంది కదా. కంప్యూటర్లో ఒకటి ఉన్నకాడ ఏడు, ఏడు ఉన్నకాడ ఒకటి. రెండు అంకెలు. అయిపాయ."

"రెండు నిమిషాల పని అంకుల్" అంది శ్రీలేఖ. మళ్ళీ, "గని మేడం సంతకం కింద మనం రాస్తే మంచిగుండదేమో" అంది.

"మంచీ చెడ్డా సూస్తే సీటు పోతాది. అంతే కదా" అన్నాడు నాగూర్. "మా మామ మంచితనం నేను ఒకసారి సూసినాలే. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి కబడ్డీ సర్టిఫికెట్ అడిగినా. ఒక సంతకం. 'నువ్వు ఆడలేదు కదరా' అన్నాడు. సొంత చెల్లెలి కొడుకును. అదే ఏడు ఈడికొచ్చినా. ఇప్పటికీ బస్సు నడుపుతాండా."

అది నిజమే. మామా అల్లుళ్ళు అప్పటినుంచి సలాం చెప్పుకోవడం తప్ప మాట్లాడుకోలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఆ రోజు వాడే ఎత్తాడు.

"నా కూతురుకు గూడా అట్లా కానీయను. మార్చండి" అన్నాడు.

శ్రీలేఖ అల్ఫియా వంక చూసింది. అల్ఫియా గోడకు ఆనుకుని మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఎడమ చేతి చిటికెన వేలు ఇంకా వంకరే, ఎనిమిదో మ్యాచ్‌లో దెబ్బ తగిలింది.

"మారిస్తే షమాల్‌ది ఓడిపోయినట్టు అయితాది నాయనా" అంది.

"ఎవరు సూస్తారమ్మా?"

"నేను సూస్తా కదా. పది మ్యాచుల్లో ముప్పై ఒక్క గోల్స్ తిన్నా. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, ఒక్క గోలూ తినకుండా గెలిచినా. దాన్ని నా చేత్తో ఓడిపోయిందని రాసుకోవాలనా?" గొంతు పెంచలేదు ఆ పిల్ల. "ఆ ఏడు నాకొద్దు. నాది నాకు ఇయ్యండి."

"సీటు పోతే?"

"పోతే పోతాది."

నాగూర్ లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఇక చేయాల్సింది నాకు తెలుసు. ఫారం రేపు ఆఫీసుకు పోతుంది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని అన్నకు ఫోన్ కలిపాను. నా మోకాళ్ళ కంటే ఆ క్షణం నా నాలుకే ఎక్కువ నొప్పి పెట్టింది. స్పీకర్ నొక్కమని అల్ఫియాకు చెప్పాను, దాపరికం ఇంకెందుకు?

"ఏమ్మే, లెటరు పంపినారా?"

"అన్నా, ఫారం ఇయ్యొద్దు. దాంట్లో ఉండేది తప్పు. నేను చెప్పిందంతా అబద్ధం. ఓడినవి ఏడు. గెలిచింది ఒకటే."

అవతల కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ముప్పై మూడేళ్ళు" అన్నాడు అన్న. "ముప్పై మూడేళ్ళు ఒక్క దొంగ సర్టిఫికెట్ రాయలేదు మే. నీ కొడుక్కే రాయలేదు, వాడు నా మొగం సూడకుండా పోయినా రాయలేదు. ఇప్పుడు నా చేత్తో రాయించినావు."

"నేను రాయించలేదన్నా. నువ్వు అడిగినావు, నేను చెప్పినాను."

"అడిగితే అబద్ధం చెప్తారా?"

"ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే చెప్తాండా కదన్నా" అన్నాను. "బాగుండావా మాబూ అని నువ్వు అడిగిన ప్రతిసారీ."

ఆ మాట అనాలని అనుకోలేదు. కిటికీ దగ్గర నాగూర్ ఇటు తిరిగాడు. శ్రీలేఖ తల దించుకుని చాప పోగులు పీకుతోంది.

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, కాగితాల చప్పుడు.

"సరే. ఒకటో మ్యాచ్ చెప్పు."

"సున్నా ఆరు. ఓడినారు."

"రెండు?"

"ఒకటి మూడు. మూడోది సున్నా సున్నా, అది నిజమే చెప్పినా. నాలుగు, సున్నా నాలుగు. అయిదు, రెండు రెండు, అది గూడా నిజమే. ఆరు, సున్నా ఏడు."

"ఏడా? నాకు మూడు సున్నాతో గెలిచినారంటివే."

"ఏడు అన్నా. లుసైల్‌లో. ఆ రోజు టీ గూడా చేదుగా ఉండింది. ఏడోది ఒకటి రెండు. ఎనిమిదోది సున్నా అయిదు, పాప వేలు విరిగింది ఆ రోజే."

"వేలు విరిగిందా? అది గూడా చెప్పలేదు కదమే!"

"చెప్పలేదు."

పెన్ను గీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్కో అంకెకూ ఒక గీత కొడుతున్నాడు. "తొమ్మిది. ఇదొకటి ఓడినారన్నావు, ఇదన్నా నిజమేనా?"

"అది గెలిచినారన్నా. ఆట మొదలు కాకముందే ఓడిపోయినారని నీకు చెప్పినా. పోయి సూస్తే గెలిచినారు."

పెన్ను ఆగింది.

"పాపకు ఇయ్యి ఫోను."

అల్ఫియా ఫోన్ తన దగ్గరికి లాక్కుంది. "తాతా."

"ఆ రోజు సంగతి నువ్వు చెప్పు. మీ జేజి చెప్తే నమ్మను."

అల్ఫియా చెప్పింది. నేను గోలుకు అవతలి కొసన కూర్చున్నాను కాబట్టి నాకూ ఆ మాటలు కొత్తే. సముద్రం వైపు నుంచి వీచిన గాలి తన కళ్ళల్లోనే కొడుతోందట. బంతి గాల్లో వంకర పోతోందట. శ్రీలేఖ మొదటి సగంలో గోలు వేసింది. ఆఖరి అయిదు నిమిషాల్లో పెనాల్టీ ఇచ్చారు. ఆ పొడుగు పిల్లలాంటిదే ఇంకొకతె వచ్చి నిలబడింది.

"నువ్వు చెప్పినట్టే మోకాళ్ళు వంచినా. ఆ పిల్ల నా కుడి పక్కకు సూసింది, మల్లా బంతి వంక సూసింది. నేను ఎడమకు దూకినా."

"ఎందుకు ఎడమకు?"

"కుడి పక్కకు సూసింది కదా తాతా. నిజంగా కొట్టే పక్కకు ఎవురూ సూడరు."

"చేతికి తగిలిందా?"

"వేళ్ళ చివర్లకు. ఆ వంకర వేలికే. నొప్పి ఎట్లుండిందంటే, లేచి నిలబడలేకపాయ."

శ్రీలేఖ ఆగలేకపోయింది. "తాతా, మేమందరం దాని మీద పడ్డం. దాని వేలు విరిగింది గాదు, పక్కటెముకలు గూడ ఇరుగుతుండె!"

అన్న నవ్వలేదు. "ఊ" అన్నాడు. రాసుకుని, "పదోది?" అన్నాడు.

"సున్నా రెండు. ఓడినాం."

"ఆడినవి పది, గెలిచినది ఒకటి, సమానం రెండు, ఓడినవి ఏడు. ఆరు జట్లలో ఎన్నోది?"

"ఆరోది."

"కోటా లేదు బంగారూ. ఈ ఫారం చించేస్తాండా. కొత్తది రాస్తా, కోటా గడి కొట్టేసి. అందరితోపాటే మైదానం పరీక్షకు పోవల్ల. వంద మీటర్లు, ఇనప గుండు విసరడం, లాంగ్ జంప్. జూన్ ఇరవైన. వచ్చే పిల్లలంతా ఏడాదిగా తయారైతాంటారు. నీకు రెండు నెలలు గూడా లేవు. అవుతాదని నేను చెప్పను."

"సరే తాతా."

ఫోన్ పెట్టేశాక నాగూర్ గోడకున్న బస్సు తాళాలు తీసుకున్నాడు. "మల్లా అదే మనిషి" అన్నాడు తనలో తనే, మామ గురించి. గుమ్మం దగ్గర ఆగి, "వంద మీటర్లకు స్పైక్స్ కావాలంటే చెప్పు పాపా, డ్యూటీ అయినాక కొనుక్కొస్తా" అని వెళ్ళిపోయాడు.

అల్ఫియా నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. అన్నం పెడితే తినేది, కంచం కడిగేది, చాప మీద అటు తిరిగి పడుకునేది. అయిదో రోజు పొద్దున టీ ఇస్తుంటే అంది, "శుక్రవారాలు తాత ఫోన్ చేస్తే నేనే మాట్లాడతా. నువ్వు ఎత్తొద్దు."

"అట్లనే" అన్నాను.

ఇప్పుడు మే నెల సగమయింది. పొద్దున ఆరుకే ముఖం మాడిపోయే ఎండ. పిల్ల అయిదింటికి లేచి పార్కు చుట్టూ పరిగెడుతుంది, ఇంటికొచ్చి నేల మీద వెల్లకిలా పడిపోతుంది. ఇనప గుండు లేదు, ఇసుక నింపిన సీసా విసురుతోంది. సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పే పని మానుకున్నాను.

నిన్న శుక్రవారం అన్న ఫోన్ చేశాడు. నేను వంటింట్లోనే ఉన్నాను, తలుపు తీసే ఉంది.

"వంద మీటర్లు ఎంతకు పోయినావు?"

"పదహారు పాయింట్ రెండు సెకన్లు."

"తక్కువే" అన్నాడు అన్న. అంటే చాలదని.

"తక్కువే తాతా. పోయిన వారం పదహారు పాయింట్ అయిదు."

"గుండు?"

"సీసాతో ఏడు మీటర్లు. నిజం గుండుతో అంత పోదులే."

"పోదు. రాసుకున్నా." పెన్ను చప్పుడు. తర్వాత, "మీ జేజి ఏం చేస్తాంది?"

"ఉల్లిగడ్డలు తరుగుతాంది. మాట్లాడతావా?"

పెన్ను మూత పెట్టిన చప్పుడు.

"వద్దులే" అన్నాడు. "బాగుందా లేదా, నువ్వే సూసి చెప్పు."

అల్ఫియా మెడ తిప్పి తలుపులోంచి నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"అలిసిపోయింది తాతా" అంది.